ఉప్పుగని గుమ్మంలో కళ్ళాపి

ఒకప్పుడు ఉప్పుకి చెమట పట్టేది కాదు.

ఎంత ముసురు పట్టినా, సూరీడు ఎన్నాళ్ళు మొహం చాటేసినా, జాడీలో ఉప్పు గలగలలాడుతూనే ఉండేది. చెయ్యి పెడితే పొడిపొడిగా వేళ్ళ సందుల్లోంచి జారిపోయేది. వానాకాలంలో ఉప్పుజాడీ అడుగున నీళ్ళు చేరడం, గట్టిపడిన గడ్డని గరిటెతో గీకి తీసుకోవడం ఆ రోజుల్లో ఏ ఇల్లాలికీ తెలియదు.

మరి ఇప్పుడెందుకు చెమరుస్తోంది? ఒక చేదు పిల్ల చెప్పిన మంచి మాట ఎవరూ వినలేదు గనక. గొంతు చించుకుని మరీ చెప్పింది పాపం. వినే నాథుడేడీ? తలుచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది, ఇక దానికెంత మండిందో మీరే ఆలోచించండి.

మొదటినుంచీ చెబుతాను.

చాలా కాలం కిందట, మనుషులు ఇంకా పుట్టనప్పుడు, కొండల మధ్య ఒక చిన్న సముద్రం చిక్కుకుపోయింది. పెద్ద సముద్రానికి అది కూతురు. చుట్టపుచూపుగా కొండల్లోకి వచ్చింది, వెనక్కి తిరిగి చూసేసరికి వచ్చిన దారి ఇసుక మేటలు వేసి పూడిపోయింది. ఇక పోవడానికి లేదు.

పైనుంచి సూరీడు రోజూ వచ్చేవాడు. "కాస్త దాహం తీర్చమ్మా," అనేవాడు. తాగేవాడు, పోయేవాడు. మర్నాడు మళ్ళీ దాహమే. తీసుకున్నది తిరిగి ఇచ్చే అలవాటు మహానుభావుడికి ఎప్పుడూ లేదు.

అలా చిన్న సముద్రం చిక్కిపోయింది. దాని కడుపులో కరిగి ఉన్న ముగ్గురు కూతుళ్ళు ఒక్కొక్కరే బయటపడ్డారు.

పెద్దది గోదంతి. తెల్లటి రాయి, గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. నీళ్ళు కాస్త తగ్గగానే, "నాకు నిద్రొస్తోంది," అని అడుగుకి పోయి పడుకుంది. ఆ పడుకోవడం పడుకోవడమే, ఈ కథలో మళ్ళీ లేవదు.

రెండోది ఉప్పు. అద్దంలాంటి పలుకులు, నవ్వు మొహం, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోయే గుణం. అక్క మీద అది పక్క వేసుకుంది.

చివరిది భేదుప్పు. నీళ్ళు దాదాపు ఇంకిపోయి, అమ్మ ఆఖరి బొట్లు మిగిలిన వేళకి గాని అది బయటికి రాలేదు. నాలిక మీద పెడితే మొహం వంకర్లు తిరిగేంత చేదు. కాస్త ఎక్కువైతే కడుపు కడిగి పారేస్తుంది. కానీ ముగ్గురిలోకీ దానికే ఒక విద్య తెలుసు. ఎక్కడ తడి ఉన్నా, ఎంత దూరాన ఉన్నా, దాని ఒంటికి ముందుగా తెలిసిపోయేది.

అమ్మ చివరి మాట దానికే చెప్పింది.

"చిన్నా, నువ్వు అందరికన్నా పైన పడుకో. మీ అక్క వట్టి అమాయకురాలు. నీళ్ళు వస్తే చుట్టాలొచ్చారని నవ్వుతూ ఎదురెళ్ళి కరిగిపోతుంది. తడి వస్తోందని తెలియగానే నువ్వు చెప్పు."

"ఎవరూ వినకపోతేనో?"

"వినేదాకా చెప్పు," అంది అమ్మ. అంతే, ఆవిరైపోయింది.

చెప్పడం ఎంత సులువో! వినిపించడం ఎంత కష్టమో ఆ తల్లికేం తెలుసు?

తరవాత గాలి బంకమన్ను తెచ్చి ముగ్గురి మీదా దుప్పటి కప్పింది. మన్ను మీద మన్ను పడి, రాయి మీద రాయి పేరుకుని, అక్కడొక గుట్ట లేచింది. బంకమన్ను దుప్పటిలోంచి చుక్క నీరు కూడా దిగదు. లోపల అక్కచెల్లెళ్ళు పొడిగా, చల్లగా, ఎవరికీ తెలియకుండా ఉండిపోయారు. భేదుప్పు కబుర్లు చెబితే ఉప్పు నవ్వేది. గోదంతి గుర్రు పెట్టేది. ఎన్ని యుగాలు గడిచాయో లెక్కపెట్టిన వాళ్ళు లేరు.

ఆ హాయిని చెడగొట్టింది ఒక మేక.

గుట్ట పక్క ఊళ్ళో నూకాలు అనే ఆమె ఉండేది. మేకల్ని కాసేది. ఆమె మేకల్లో ఒకటి గడ్డి మాని, గుట్ట వాలులో ఒక రాతిని పొద్దస్తమానం నాకుతూ నిలబడేది. పిలిస్తే రాదు, లాగితే కదలదు. నూకాలుకి విసుగొచ్చింది.

"ఏటే నీకీ రోగం? ఆ రాతిలో ఏటున్నాది?" అని తను కూడా వేలితో రాసి నాలిక మీద పెట్టుకుంది.

కళ్ళు పెద్దవి చేసుకుని ఇంటికి పరిగెత్తింది. ఆమె మొగుడి పేరు గురువులు, రాళ్ళు కొట్టే మేస్త్రి.

"మావా, గుట్ట ఉప్పగున్నాది!"

"గుట్ట ఉప్పగుండడమేటే? ఎండదెబ్బ గాని తగిలిందా?"

"నువ్వొచ్చి నాకి సూడు."

గురువులు వచ్చాడు. నాకి చూశాడు. ఇంకేం, సుత్తులు, గునపాలు, తట్టలు, ఊరంతా గుట్ట మీదే ఉంది.

బంకమన్ను దుప్పటిని చించి లోపలికి సొరంగం తవ్వుతుంటే భేదుప్పు గగ్గోలు పెట్టింది. "ఆ తలుపు మూసేదెవరు? దుప్పటికి చిల్లు పెట్టారు, దాన్ని కుట్టేదెవరు?"

ఉప్పు మాత్రం ఉప్పొంగిపోయింది. "మనుషులే! ఎంత బాగున్నారో చూడు. నన్ను చూసి అందరూ నవ్వుతున్నారు."

"నవ్వరూ మరి! నిన్ను తినబోతున్నారు."

"తింటే తిననీలే. ఊరికే పడుకుని ఏం చేస్తున్నాం?"

ఇలాంటి అక్కతో ఏం మాట్లాడతాం, చెప్పండి?

గురువులు పనిలో నేర్పరి, అది ఒప్పుకోవాలి. తవ్విన చోటల్లా కప్పు కూలకుండా లావు లావు ఉప్పు స్తంభాలు వదిలేవాడు. వాటి మీద గునపం వేస్తే ఊరుకునేవాడు కాదు. ఏ గోడ తవ్వాలన్నా ముందు నాలికతో నాకి చూసేవాడు. ఉప్పగా ఉంటే, "కొట్టండ్రా," అనేవాడు. చేదుగా ఉంటే తుపుక్కున ఉమ్మేసి, "ఈ దరిద్రాన్ని గీకి అవతల పారేయండి," అనేవాడు.

ఆ దరిద్రం ఎవరో మీకు తెలుసు.

తట్టలకొద్దీ భేదుప్పుని గుట్ట బయట కుప్ప పోశారు. దాన్ని నాకడానికి ఆ మేక కూడా ఇష్టపడలేదు. లోపల కప్పుకి అంటిపెట్టుకుని కొంత పొర మాత్రం మిగిలింది. అక్కడినుంచే అది కాపలా కాసింది, గొణుగుతూ, సణుగుతూ.

ఉప్పు మాత్రం ఎద్దుల మీద ఎక్కి ఊళ్ళు తిరిగింది. పెళ్ళిళ్ళలో పప్పులో పడింది, రేవుల్లో చేపల మీద పడింది, ఊరగాయల్లో ఊరింది. గుట్టకింద పాకలు లేచాయి, వీధులు పడ్డాయి. ఆ ఊరికి అన్నం పెట్టింది ఆ గనే. అందుకే నూకాలుకి గనంటే ప్రాణం.

అదిగో, ఆ ప్రేమే కొంప ముంచింది.

ఒకనాడు పొద్దున్నే నూకాలు బకెట్టు నిండా పేడనీళ్ళు కలుపుకుని గని దగ్గరికి వచ్చింది. గుమ్మం ముందు చీపురుతో శుభ్రంగా ఊడ్చింది. తరవాత దోసిళ్ళతో నీళ్ళు తీసి చల్లడం మొదలుపెట్టింది.

గనికి కళ్ళాపి! ఉప్పుగనికి!

భేదుప్పుకి ఒళ్ళు మండింది. ఇక ఆగలేదు. "ఒసే పిచ్చి మొహమా! ఉప్పు ఉన్న ఇంటి గుమ్మంలో నీళ్ళు చల్లుతారటే ఎవరైనా? మీ ఇంట్లో ఉప్పుజాడీలో కూడా ఇలాగే చల్లుతున్నావా?"

నూకాలుకి అది వినపడలేదు. వినపడినా, కప్పు మీంచి కాస్త తెల్ల పొడి రాలినట్టు వినపడి ఉంటుంది, అంతే.

గురువులు మాత్రం అడిగాడు. "ఇదేటే, గనికి కల్లాపేటి?"

"మనకి కూడెట్టే ఇల్లు గాదేటి మావా? ఇంటి గుమ్మంకి సల్లి, దీన్నిలా బోసిగా వొగ్గేత్తే లచ్చిందేవి లోపలికొత్తాదా?" అంది నూకాలు. చల్లి, ముగ్గు పెట్టి, చేతులు జోడించి దండం పెట్టుకుని వెళ్ళింది.

మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. రోజూ వచ్చింది. ఒక్క పూట మానితే దాని సొమ్మేం పోయింది? మానదు! జ్వరం వచ్చిన రోజు కూడా ముసుగు కప్పుకుని వచ్చి చల్లి వెళ్ళింది.

"అక్కా, చూస్తున్నావా ఆ మనిషి చేసే పని?" అంది భేదుప్పు.

"మన మీద ఎంత ప్రేమో! ముగ్గు కూడా ఎంత చక్కగా పెట్టిందో," అంది ఉప్పు.

భేదుప్పు తల బాదుకుందామనుకుంది గాని, దానికి తల ఎక్కడుంది?

కళ్ళాపి నీళ్ళు ఊరుకుంటాయా? గని గుమ్మం నుంచి సొరంగం కిందికి వాలుగా దిగుతుంది. ముగ్గు కింద నుంచి మెల్లగా జారి, గుమ్మం రాయి సందులో దూరి, బంకమన్ను చిరిగిన చోటు పట్టుకుని, అన్నిటికన్నా కిందనున్న చివరి గది ఉప్పు గోడ వెనకాల చేరాయి. అక్కడ ఎవరికీ కనపడకుండా గోడని కొంచెం కొంచెం నాకడం మొదలుపెట్టాయి.

భేదుప్పు ఒంటికి తడి తెలిసిపోయింది. "ఏయ్ నీళ్ళూ! ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?" అని కసిరింది.

నీళ్ళు ఎంతో మర్యాదగా జవాబు చెప్పాయి. "అదేం మాటండీ? రోజూ పొద్దున్నే గుమ్మం ఊడ్చి, ముగ్గు పెట్టి, దండం పెట్టి మరీ పిలుస్తున్నారు. అంతలా పిలిచాక రాకపోతే ఏం బాగుంటుంది?"

"పిలిచింది మిమ్మల్ని కాదు!"

"మమ్మల్నేగా చల్లింది?"

నీళ్ళు పని చేసుకుంటూ పోయాయి.

సరే, మనుషులకి చెప్పలేకపోతే జంతువుకైనా చెబుదామని, గుమ్మం దగ్గర తచ్చాడుతున్న మేకని పిలిచింది. "మేకా, మేకా, నువ్వు చెబితే మీ యజమానురాలు వింటుంది. గోడ వెనక నీళ్ళు చేరుతున్నాయని చెప్పవూ?"

మేక గోడని నాకుతూనే, "నువ్వు చేదుగా ఉంటావటగా?" అంది.

"నేనెలా ఉంటే నీకెందుకు? మాట విను ముందు."

"చేదు వాళ్ళతో నాకు మాటల్లేవు," అని మేక పక్క గోడ దగ్గరికి పోయింది.

భేదుప్పుకి ఓపిక నశించింది. చెబితే వినరు గదా, చేసి చూపిస్తానని పంతం పట్టింది. మధ్యాహ్నం కూలీలందరూ ఒక చోట చేరి అంబలి కుండ మూత తీశారు. సరిగ్గా అప్పుడు భేదుప్పు కప్పు మీంచి పెద్ద పెళ్ళగా ఊడి, ముక్కలు ముక్కలై, కుండలో పడింది.

"ఉప్పు పడిందిరా, మరి కలపక్కర్లేదు," అని గురువులు గరిటెతో తిప్పేశాడు. అసలే ఆకలి మీద ఉన్నారు. పులిసిన అంబలిలో చేదు తెలిసేలోపు కుండ ఖాళీ అయింది.

ఆ తరవాత ఏం జరిగిందో వివరంగా చెప్పను, మీరు ఊహించుకోగలరు. గుట్ట చుట్టూ ఒక్క పొద కూడా ఖాళీ లేదు. చెంబుల కోసం కొట్టుకున్నారు. మేస్త్రి గురువులు పొట్ట పట్టుకుని వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం.

"చూశావా అక్కా? గని ఖాళీ అయింది!" అని భేదుప్పు సంబరపడింది. దాని బతుకులో సంబరపడింది ఆ ఒక్క పూటే.

మర్నాడు గురువులు పీక్కుపోయిన మొహంతో వచ్చి, కప్పుకేసి వేలు చూపించాడు. "ఆ మాయదారి పొర ఎక్కడ కనపడినా గీకేయండి. ఇసుమంత ఉండకూడదు." గీకేశారు. లోపలెక్కడో చివరి గదిలో, చెయ్యి అందని చోట, వేలెడు మందం పొర మిగిలిందంతే.

ఇక నూకాలు ఏం చేసిందో తెలుసా? "గనికి ఏదో దిష్టి తగిలినాది, అందుకే అందరికీ అలగయ్యింది," అని తేల్చింది. ఆ దిష్టి పోవాలని రోజూ రెండు బకెట్ల కళ్ళాపి చల్లడం మొదలుపెట్టింది!

రెండు బకెట్లు! భేదుప్పు ఆ రోజంతా సణుగుతూనే ఉంది.

అంతలో వానాకాలం వచ్చింది. వానకి దారి వెతుక్కునే పని లేకపోయింది. కళ్ళాపి నీళ్ళు వేసిన బాట సిద్ధంగా ఉంది. గుమ్మం రాయి సందులోంచి బొటబొటా దిగి, గోడ వెనకాల చేరింది. అక్కడప్పటికే గదంత గొయ్యి పడి ఉంది. వాన దాన్ని నింపుతూ వచ్చింది. ఇటు వైపు నుంచి చూస్తే గోడ తెల్లగా, పొడిగా, దీపం వెలుగులో మిలమిలా మెరుస్తోంది. అటు వైపు నుంచి రోజురోజుకీ పలచబడుతోంది. ఆ గోడ విరిగితే చెరువంత నీరు ఒక్కసారిగా లోపలికి వస్తుంది. లోపలున్న వాళ్ళెవరూ మిగలరు.

"అక్కా, నీకేమీ తెలియడం లేదా?"

"వీపు కాస్త చల్లగా ఉంది," అంది ఉప్పు. "హాయిగానే ఉంది."

"హాయి కాదే, కరిగిపోతున్నావే!"

ఒకరోజు తెల్లారగట్ల నుంచీ వాన. గురువులూ కూలీలూ చివరి గదిలో గునపాలు వేస్తున్నారు. నూకాలు మధ్యాహ్నం కూడు గంప నెత్తిన పెట్టుకుని లోపలికి వచ్చింది. వెనకాలే వాన తప్పించుకోవడానికి మేక కూడా వచ్చింది. ఊళ్ళో నడుం వంచి పనిచేసే మనుషులంతా ఆ గదిలోనే ఉన్నారు.

భేదుప్పు ఒళ్ళంతా జివ్వుమంది. గోడ ఇక ఎక్కువసేపు ఆగదు.

"పారిపోండి!" అని అరిచింది. చిటికెడు పొడి రాలింది. గురువులు తల ఎత్తి చూసి, "ఇక్కడ కూడా ఉందిరా దరిద్రం, నిచ్చెన తెండి, గీకేద్దుం," అన్నాడు.

అప్పుడు భేదుప్పుకి ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు అది. "ఎవరి కోసం అరుస్తున్నాను? వీళ్ళ కోసం కాదూ? నా మొహాన ఉమ్మేసిన వాళ్ళు, నన్ను బయట పారబోసిన వాళ్ళు! నేనెందుకు చెప్పాలి? మునిగితే మునగనీ!"

అంది గాని, నూకాలు గంప దించి అందరికీ ముద్దలు పంచుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది. వినేదాకా చెప్పమంది గదా అమ్మ.

వినేదాకా. ఎలా చెబితే వింటారు? పైనుంచి అరిస్తే పొడి రాలిందంటారు. కుండలో పడితే దరిద్రమంటారు. వీళ్ళు రోజూ దేన్ని చూస్తారు? దేన్ని తాకుతారు? దేన్ని నాలిక మీద పెట్టుకుని కూడా ఉమ్మరు?

అక్కని!

"అక్కా, కాస్త జరుగు. నీలోకి వస్తున్నాను."

"నాలోకా?" ఉప్పు మొదటిసారి నవ్వడం ఆపింది. "నా పలుకు పలుకులోకీ వస్తే నువ్వు చెదిరిపోతావే. మళ్ళీ ఒక్క చోట ఒక పొరగా ఉండలేవు. అమ్మ వేసిన పక్క పోతుంది. ఇక నీ పేరు పెట్టి ఎవరూ పిలవరు, అందరూ నిన్ను ఉప్పనే అంటారు."

"ఉన్న పేరుతో ఇన్నాళ్ళూ ఏం వెలగబెట్టాను? జరుగు!"

ఉప్పు జరిగింది. భేదుప్పు కప్పు వదిలేసి గోడలోకి దిగింది. ఈసారి పెళ్ళలా పడలేదు. ఒక్కో పలుకు దగ్గర తనని తాను చిటికెడులో చిటికెడు వదిలేసి పోయింది. చేదు తెలియనంత, ఉందో లేదో అన్నంత. దిగుతూ దిగుతూ గోడ వెనక తడిని, వానగాలిలో తడిని, కనపడిన ప్రతి తడినీ గుటగుటా తాగింది. తాగింది తాగినట్టే గోడ ముఖాన బయటపెట్టింది.

గోడకి చెమట పట్టింది.

ముందు గురువులే చూశాడు. దీపం వెలుగులో తెల్లటి గోడంతా చిన్న చిన్న బొట్లు.

"ఒలే నూకాలూ, గోడకి సెమటట్టిందే!"

అలవాటు ప్రకారం నాకి చూశాడు. ఉప్పే. ఎక్కడో చివర కాస్త చేదు, కానీ ఉమ్మేంత లేదు. ఉమ్మలేదు. ఆలోచించాడు. "ఉప్పుకి సెమటేటి? ఈ తడి ఎక్కణ్ణించొచ్చినట్టు?"

నూకాలు అన్నం చేతిని కొంగుకి తుడుచుకుని గోడకి అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. చెవి ఆనించింది. అవతల నీళ్ళు కదులుతున్నాయి.

ఆమె మెల్లగా తల తిప్పి గుమ్మం వైపు చూసింది. దూరంగా, సొరంగం పై చివర, వాన వెలుగులో తన బకెట్టు కనిపించింది. వాన నీళ్ళు ముగ్గుని తుడుచుకుంటూ గుమ్మం కిందికి దూరిపోతున్నాయి, రోజూ దారి తెలిసిన వాళ్ళలాగా.

"ఓలమ్మో!" అని నెత్తి బాదుకుంది. "నానే పిలిసినాను మావా! రోజూ గుమ్మంకాడ సల్లి, నానే పిలిసినాను! లెగండి, లెగండి, ఎల్లిపోదుం!"

ఎట్టకేలకు! ఎట్టకేలకు ఒక మనిషికి బుర్ర వెలిగింది!

గునపాలు గునపాల చోట పడ్డాయి. గంప గంప చోట ఉండిపోయింది. అందరూ పైకి పరుగు. ఒక్క మేక మాత్రం గోడకి పట్టిన చెమటని లొట్టలేసుకుంటూ నాకుతోంది. నూకాలు వెనక్కి వచ్చి చెవి పట్టుకుని ఈడ్చుకుపోయింది.

ఆఖరి మనిషి గుమ్మం దాటాడో లేదో, లోపల గోడ విరిగింది. గుట్ట కడుపులో ఉరిమినట్టయింది. గని నిండా నీళ్ళు చేరాయి.

అందరూ వానలో నిలబడి ఆ గుమ్మంకేసి చూస్తూ ఉండిపోయారు. నూకాలు బకెట్టుని చూసి ఏడ్చింది. గురువులు ఆమెని ఒక్క మాట కూడా అనలేదు. "పేణాలు దక్కినాయి, సాలే," అన్నాడు. తరవాత, ఆమె ఏడుపు ఆగాక, "ఆ గోడ మనకి సెప్పినాది," అన్నాడు.

చెప్పింది గోడ కాదు నాయనా, నువ్వు దరిద్రమన్నావే, ఆ పిల్ల!

గని ఆ రోజుతో మూతపడింది. లోపల మిగిలిన ఉప్పు గోడలు మెల్లగా, ఎవరూ తొందరపెట్టకుండా, ఒకదానికొకటి దగ్గరగా జరిగి సొరంగాల్ని పూడ్చేసుకున్నాయి. గాలి మళ్ళీ మన్ను తెచ్చి పైన దుప్పటి కప్పింది. గోదంతికి ఇదేమీ తెలియదు, దాని నిద్ర దానిదే.

కరిగిన ఉప్పు మాత్రం చెల్లెల్ని ఒళ్ళో పెట్టుకుని నీళ్ళతోపాటు బయటికి వచ్చింది. వాగులో పడి, ఏట్లో కలిసి, చివరికి సముద్రానికి చేరింది. అక్కడ తమ అమ్మని కన్న పెద్ద సముద్రం వాళ్ళిద్దర్నీ కడుపులో దాచుకుంది. అందుకే ఇప్పుడు ఉప్పు ఏ మడిలో పండినా, ఏ గనిలో దొరికినా, పలుకు పలుకులోనూ చెల్లెలు కాస్త ఉంటుంది.

నూకాలు మళ్ళీ మేకలు కాసుకుంది. గని దగ్గర కళ్ళాపి మానేసి, పొడి ముగ్గు ఒక్కటే పెట్టి వచ్చేది.

ఒక ఏడాది ఎండల చివర, ఆకాశంలో మబ్బు తునక కూడా లేని రోజున, చాప నిండా వడియాలు పెట్టి ఇంట్లోకి వచ్చింది. కూరలో ఉప్పు వెయ్యబోయి జాడీలో చెయ్యి పెట్టింది. చెయ్యి తడిగా తగిలింది.

క్షణం సేపు ఆ చేతిని అలాగే చూసుకుంది. తరవాత కూర పొయ్యి మీదే వదిలేసి, బయటికి పరిగెత్తి, చాప చుట్టేసి లోపలికి లాక్కొచ్చింది.

"ఎండ మండిపోతంటే వడియాలు లోపలెట్టుకుంతావేటే?" అని పక్కింటావిడ నవ్వింది.

"ఉప్పు సెప్పినాది," అంది నూకాలు.

ఆవిడ ఇంకా నవ్వుతుండగానే చినుకులు పడ్డాయి. ఆవిడ వడియాలు నీళ్ళలో ఈదాయి.

అప్పటినుంచే, వాన వచ్చే ముందు ఉప్పుకి చెమట పడుతుంది. "పాడు ఉప్పు, మళ్ళీ నీరుకారింది," అని మీ అమ్మ ఈనాటికీ జాడీని విసుక్కుంటూనే ఉంటుంది. లోపల ఆ చేదు పిల్ల కూడా విసుక్కుంటూనే ఉంటుంది, "ముందు బయట ఆరేసిన బట్టలు తియ్యవే తల్లీ," అని. వినేదాకా చెప్పమని వాళ్ళమ్మ చెప్పింది గదా, ఇంకా చెబుతూనే ఉంది.